అత్తయ్య జవాబు

"స్నానం చేయడానికి మీకు ఎవరి సాయమైనా కావాలా అండీ?" అని మా అత్తయ్యను అడిగాను. అప్పటికి ఆవిడ స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. నేను వెనక నిలబడి ఆవిడ వీపు రుద్దుతున్నాను.

"అబ్బే, ఎవరి సాయమూ అక్కర్లేదమ్మా. అన్నీ నేనే చేసుకుంటాను," అంది అత్తయ్య, సబ్బు నురగ కళ్ళలో పడకుండా ముఖం పైకెత్తి, కొంచెం కూడా నవ్వకుండా. "ఎప్పుడైనా ఒంట్లో బాగా లేకపోతే మా అబ్బాయి చూసుకుంటాడు. మా అబ్బాయి బంగారం."

సరిగ్గా అప్పుడే ఆ బంగారం హాల్లోంచి, "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అని కేకేశాడు. ఇక మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు. అత్తయ్య నవ్వితే స్టూలు కదులుతుంది. పడిపోతుందేమోనని ఆవిడ భుజాలు గట్టిగా పట్టుకుని నేనూ నవ్వాను. "నీళ్ళు చల్లారిపోతున్నాయి, తొందరగా కానివ్వు, ఇంకా చాలా ప్రశ్నలున్నాయి కదా," అంది ఆవిడ.

ఇది మేం కొత్తగా పట్టుకున్న ఆట. వృద్ధాప్యంలో ఎవరు ఎవరితో ఉంటున్నారు, ఇంట్లోవాళ్ళ ఆసరా ఎంతవరకు ఉంది, అసలు సుఖంగా ఉన్నారా లేదా అని ఇంటింటికీ వెళ్ళి పెద్దవాళ్ళను అడిగే పరిశోధన ఒకటి విశ్వవిద్యాలయం వాళ్ళు మొదలుపెట్టారు. ప్రశ్నలు అడగడానికి ఆడవాళ్ళు కావాలన్నారు. పెద్ద చదువులు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలన్నారు. "ఓపికకు పరీక్ష పెడితే నువ్వే ఫస్టు, వెళ్ళు," అని అత్తయ్యే నన్ను తరిమింది. శిక్షణలో మాకు నేర్పిన సూపర్‌వైజరు మా అమ్మాయి వయసుది. పెద్దవాళ్ళు ఏం చెప్పినా మన ముఖంలో మార్పు కనిపించకూడదంది. జవాబు మనం అందించకూడదంది. పక్కనున్నవాళ్ళు అడ్డొచ్చి చెప్పబోతే "వారినే చెప్పనివ్వండి" అని మర్యాదగా ఆపాలంది. ముఖ్యమైన ప్రశ్నను ఒకసారి అడిగి వదిలెయ్యకుండా, కాసేపాగి ఇంకో మాటల్లో మళ్ళీ అడగాలంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే రోజూ వాళ్ళతో సాధన చేసి రమ్మని పంపింది.

మొదటిరోజు కాగితాలు పట్టుకుని ఎదురుగా కూర్చోగానే అత్తయ్య, "నా సంగతి నీకు తెలియందేముంది? అడిగి ఏం లాభం? నేను వేరే మనిషినవుతాను, అప్పుడడుగు," అంది. అక్కణ్ణుంచి రోజుకో ముసలమ్మ. ఒకరోజు చెవిటి ముసలమ్మ. ప్రతి ప్రశ్నకూ "ఆఁ?" అంటుంటే అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఒకరోజు అనుమానపు ముసలమ్మ. "ఇవన్నీ రాసుకెళ్ళి ఏం చేస్తారు? ఇల్లు రాయించుకుంటారా?" అని కాగితాలు లాక్కుంది. ఒకరోజు ఎదురు ప్రశ్నల ముసలమ్మ. "ముందు నువ్వు చెప్పు. మీ అత్త ఉందా? ఎలాంటిది? నోరు పెద్దదా?" అని నా నోట్లోంచి జవాబు వచ్చేదాకా వదల్లేదు. అత్తయ్య చిన్నప్పుడు బళ్ళో నాటకాలు వేసేదట. "పెళ్ళయ్యాక కోడలి వేషం, తర్వాత అత్త వేషం. మధ్యలో ఒక్కసారైనా తెర దించితే ఒట్టు," అంటుంది. నేను కూరగాయలు తరుగుతూ అడగడం, ఆవిడ బఠాణీలు ఒలుస్తూ చెప్పడం. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం గానీ మేం ఇంతగా మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు.

మాట్లాడుకోవడానికి తీరికేదీ? మాటలు లేవని కాదు. మాత్ర వేసుకున్నారా, దుప్పటి కప్పనా, అటు తిరగండి, కాలు ఎత్తండి, ఇంకొక్క ముద్ద తినండి. ఇవన్నీ మాటలే. అత్తయ్యకు మోకాళ్ళు అరిగిపోయాయి. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఆసుపత్రికి తప్ప ఆవిడ మెట్లు దిగి చాలా కాలమైంది. పొద్దున లేపి కూర్చోబెట్టడం దగ్గర్నుంచి రాత్రి కాళ్ళకు మందు రాసి దీపం ఆర్పేదాకా ఆవిడ రోజంతా నా చేతుల మీదుగానే వెళ్తుంది. నాకు విసుగు రాలేదని అబద్ధం చెప్పను. విసుగొచ్చినప్పుడు గిన్నెల మీద చూపిస్తాను. ఆవిడకు ఆ చప్పుడు అర్థమవుతుంది. ఆ పూట మంచినీళ్ళు కూడా అడగదు, నాలుక పిడచకట్టినా ఊరుకుంటుంది. తర్వాత అది తెలిసి నాకు ఏడుపొస్తుంది.

నన్ను తీసుకున్నామని, ఏడాది పాటు పని ఉంటుందని, వచ్చే నెల మొదటి నుంచి రమ్మని కబురొచ్చింది. ఆ పొద్దున మా ఆయన సాక్సులు తొడుక్కుంటూ విన్నాడు. "మంచిదే. మరి అమ్మను ఎవరు చూస్తారు?" అన్నాడు.

అడగడంలో తప్పేమీ లేదు. అడగాల్సిన ప్రశ్నే. కానీ 'ఎవరు' అనేటప్పుడు ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మా అమ్మాయి పుట్టినప్పుడు "పాపను ఎవరు చూస్తారు?" అన్నాడు, బళ్ళో ఉద్యోగం మానేశాను. మావయ్యగారు మంచాన పడ్డప్పుడు "నాన్నను ఎవరు చూస్తారు?" అన్నాడు, సాయంత్రాలు చెప్పే ట్యూషన్లు మానేశాను. ప్రతిసారీ ప్రశ్న ఆయనది, జవాబు నేను. అదే బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడైతే "అమ్మను మేమే చూసుకుంటున్నామండీ" అని ఎంత నిండుగా అంటాడో. ఆ 'మేము'లో ఆయన వాటా ఏమిటంటే, నెలకోసారి మందుల చీటీ పట్టుకెళ్ళి మందులు తేవడం. అందులోనూ ఏదో ఒకటి మరిచిపోయి వస్తాడు. చెడ్డవాడా అంటే కాదు. చెడ్డవాడైతే నా పని సులువయ్యేది, ఎప్పుడో ఒకరోజు గట్టిగా అరిచి ఊరుకునేదాన్ని. వాళ్ళమ్మంటే ప్రాణం. ఆఫీసు నుంచి రాగానే ఆవిడ మంచం పక్కన కాసేపు కూర్చుని చెయ్యి నిమురుతాడు. అప్పటికి ఆవిడకు ముఖం కడిగి, తల దువ్వి, ఉతికిన బట్టలు కట్టి ఉంచుతాను. "మా అమ్మ ఎప్పుడు చూసినా పువ్వులా ఉంటుంది," అని మురిసిపోతాడు.

"ఆదివారం అన్నయ్యను రమ్మన్నాను. ఇకమీద వంతులు వేసుకుందాం. కొన్ని నెలలు వాడి దగ్గర, కొన్ని నెలలు మన దగ్గర. ముందు వాడే తీసుకెళ్తానంటున్నాడు," అన్నాడు.

మా బావగారి ఇల్లు ఊరికి ఆ చివర. ఆయనా, తోటికోడలూ పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వస్తారు. "అంతసేపు ఒక్కరే ఎలా ఉంటారండీ?" అన్నాను.

"బయట తాళం వేసుకుని వెళ్తారట. గదిలో కెమెరా పెట్టిస్తాడు. ఆఫీసులో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు. భద్రంగా ఉంటుంది," అన్నాడు. బూట్లు వేసుకుని లేచి నిలబడి, "నువ్వు ఆ ఉద్యోగం వద్దనుకుంటే ఈ గొడవే లేదు. నేనేమీ బలవంతం చెయ్యను. నీ ఇష్టం," అని వెళ్ళిపోయాడు.

'నీ ఇష్టం' అన్న మాట ఈ ఇంట్లో నాకు వినపడేది ఇలాంటప్పుడే. రోజంతా ఆ తాళమే కళ్ళముందు ఆడింది. లోపల అత్తయ్య, బయట తాళం, పైన కెమెరా. స్టూలు కదిలితే పట్టుకునేవాళ్ళుండరు. ఇరవై ఏళ్ళ తర్వాత నా పేరు మీద ఒక పని వచ్చింది. నిజమే. మెళ్ళో వేసుకునే కార్డు కూడా ఇచ్చారు, అందులో నా ఫొటో ఉంది. ఎవరూ లేనప్పుడు దాన్ని మెళ్ళో వేసుకుని అద్దంలో చూసుకున్నాను కూడా. అయినా సరే, సోమవారం వెళ్ళి సూపర్‌వైజరమ్మాయికి రాలేనని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. అత్తయ్యకు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఎలాగూ మానేస్తున్నాను కదా అని శుక్రవారం సాధన ఎగ్గొట్టబోతే, "ఇవాళ ప్రశ్నల్లేవా?" అని అత్తయ్యే పిలిచింది. సరేనని కూర్చున్నాను. ఎవరితో ఉంటున్నారు అనే భాగం వచ్చింది. కొడుకు దగ్గరా, కూతురి దగ్గరా, ఒక్కరేనా, ఇంకెక్కడైనానా అని కాగితం మీద వరసగా ఉన్నాయి. "మీ ఇష్టానికే వదిలేస్తే మీరు ఎవరితో ఉండాలనుకుంటారు?" అని చదివాను.

"ఒక్కదాన్నే," అంది అత్తయ్య.

నేను నవ్వాను. "ఇవాళ్టి ముసలమ్మ గట్టిదే. ఎవరీవిడ?"

"ఇవాళ ఎవర్నీ కాను," అంది. బఠాణీ కాయ చేతిలో ఉంది గానీ ఒలవడం లేదు.

ముఖంలో ఏ మార్పూ కనిపించకూడదు. తల వంచి రాస్తున్నట్టు నటించాను. తర్వాతి ప్రశ్నలు అడిగాను. నిద్ర పడుతుందా, ఆకలి వేస్తుందా, మాట్లాడటానికి మనుషులున్నారా. మధ్యలో ఒకచోట ఆగి, నాకు నేర్పినట్టే, ఇంకో మాటల్లో మళ్ళీ అడిగాను. "రేపు మీ చేతికి ఒక ఇంటి తాళంచెవి ఇచ్చారనుకోండి. అందులో మీతో ఎవరు ఉంటే బాగుంటుంది?"

"ఎవరూ వద్దు. ఒక్కదాన్నే ఉంటాను," అంది, మొదటిసారి చెప్పినంత తేలిగ్గా.

కాగితాలు మడిచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఇంతకాలం ఎవరెన్ని మాటలన్నా పడ్డాను గానీ, ఆ ఒక్క మాట నన్ను కోసేసింది. నేనేం తక్కువ చేశాను? కూతురున్నా ఇంతకన్నా చేస్తుందా? నా నడుము నొప్పి ఎవరికీ చెప్పుకోలేదు. మా అమ్మకు ఆపరేషనైతే పోయి నాలుగు రోజులు ఉండలేకపోయాను, ఎందుకంటే ఇక్కడ ఈవిడను ఎవరు చూస్తారు. ఈవిడకు గొంతు దిగాలని కూర మెత్తగా ఉడికించి, అదే మెత్తటి కూర నేనూ తింటున్నాను. ఇంత చేస్తే ఆవిడ మనసులో ఉన్న ఇల్లు నేను లేని ఇల్లా? నాకు కోపమొచ్చింది, అవమానం అనిపించింది. అన్నిటికన్నా ఎక్కువగా, తోటిపిల్లలు ఆటలో చేర్చుకోనప్పుడు వచ్చేలాంటి ఏడుపు వచ్చింది. ఆ రాత్రీ, మర్నాడు పొద్దునా గిన్నెలు బాగా మోగాయి. అత్తయ్య మంచినీళ్ళు అడగలేదు.

శనివారం మధ్యాహ్నం మా ఆయన బజారుకు వెళ్ళాడు. అత్తయ్యకు తల దువ్వడానికి వెనక కూర్చున్నాను. ఆవిడ జుట్టు ఇప్పుడు పిడికెడు కూడా లేదు. దువ్వెన ఆగిన చోట మెల్లగా చిక్కు తీస్తున్నాను.

"నువ్వు ఒక ప్రశ్న అడగలేదే," అంది.

"ఏది?"

"ఎందుకు అని."

"ఆ ప్రశ్న కాగితంలో లేదు."

"కాగితంలో లేకపోతే నీకు నోరు లేదా?"

నేను ఇంకో చిక్కు తీశాను. ఆవిడే చెప్పింది. "మా అత్తకు నేను ఎన్నాళ్ళు చేశానో నీకు తెలియదు, నువ్వు రాకముందు సంగతి. మంచం మీదే అన్నీ. మంచిదే పాపం, నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆవిడ పోయినరోజు అందరూ ఏడుస్తున్నారు, నేనూ ఏడుస్తున్నాను. కానీ లోపల నాకు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య, చేతులు ఖాళీ అయ్యాయి అనిపించింది. ఎంత సిగ్గేసిందో. ఇప్పటికీ ఆవిడను తలుచుకుంటే ముఖం గుర్తు రాదే. పక్కబట్టలే గుర్తొస్తాయి."

"నేను అలా అనుకోను అత్తయ్యా."

"అనుకుంటావు. అనుకోకపోతే నువ్వు మనిషివే కాదు. నేను నీకు పనినైపోయాను. పొద్దున లేవగానే నీకు గుర్తొచ్చే పని నేను. పనిని ఎవరు ప్రేమిస్తారే? ఈ ప్రశ్నల ఆట మొదలుపెట్టాక నువ్వు నా ముఖంలోకి చూస్తున్నావు. అంతకుముందు నా కాళ్ళు చూసేదానివి, వీపు చూసేదానివి, కంచం చూసేదానివి."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. అది నిజమే. "నా ఉద్యోగం కోసమే ఇలా అంటున్నారు కదూ?" అన్నాను.

"నీ కోసమైతే పెద్దాడి దగ్గరకు పోయేదాన్ని, పేచీ ఉండేది కాదు. ఇది నా కోసం. పుట్టింట్లో అక్కచెల్లెళ్ళందరం ఒకే చాప మీద. అత్తింట్లో మీ మావయ్యగారి గది. ఇప్పుడు, హాస్టలుకు వెళ్ళిన నీ కూతురి మంచం. లోపల్నుంచి నేను గడియ పెట్టుకున్న తలుపు ఇంతవరకూ ఒక్కటి లేదు. వాళ్ళేమో బయట్నుంచి తాళం వేస్తారట. మీరు గుసగుసలాడితే నాకు వినపడదనుకున్నారు. చెవిటి ముసలమ్మ వేరు, నేను వేరు."

ఆవిడ అంతా ఆలోచించి పెట్టుకుంది. కింద, వీధివైపు, టైలరు ఖాళీ చేసిన గది ఉంది. బాల్కనీలో కూర్చోబెట్టినప్పుడల్లా ఆవిడ దాన్నే చూస్తోందన్న సంగతి నాకు తట్టనే లేదు. మెట్లు లేవు. పక్కనే స్నానాల గది. తలుపు తీస్తే వీధి, వచ్చేపోయే మనుషులు. ఇంటి యజమానితో ఫోన్లో మాట్లాడేసింది కూడా. మావయ్యగారి పింఛను అద్దెకు సరిపోతుంది, పొద్దునపూట స్నానానికి ఒక మనిషిని పెట్టుకోవడానికీ సరిపోతుంది.

"బయటి మనిషితో స్నానమా? నేనుండగా?" అన్నాను. నాకే ఆశ్చర్యం, అంత బాధ పడుతున్నందుకు.

"జీతమిచ్చిన మనిషైతే, ఇక్కడ సరిగ్గా రుద్దు అని గట్టిగా చెప్పగలను. నీకు చెప్పలేను కదే. నీకు ఏమిచ్చానని?" అంది. తర్వాత వెనక్కి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. "నీ వాలకం చూస్తే తెలుస్తూనే ఉంది, ఆ ఉద్యోగానికి రానని చెబుదామనుకుంటున్నావు. చెప్పకు. నా మూలంగా మానేసిందన్న మాట నా నెత్తిన పెట్టకు."

ఆదివారం బావగారు వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ కుర్చీల్లో, అత్తయ్య సోఫాలో. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఈ ఇంట్లో ముఖ్యమైన మాటలప్పుడు నా చోటు అదే, వంటింటి గ్యాసు కనపడాలి, హాల్లో మాటలు వినపడాలి.

"అమ్మకు మా ఇంట్లో ఏ లోటూ ఉండదు," అని మొదలుపెట్టాడు బావగారు. "గది ఉంది, టీవీ ఉంది. వేళకు భోజనం పెట్టి వెళ్తాం. అమ్మకు ఏం కావాలో నాకు తెలుసు."

"అమ్మ కొంచెం బెంగ పెట్టుకుంటుంది గానీ, నాలుగు రోజులైతే అలవాటైపోతుందన్నయ్యా," అన్నాడు మా ఆయన.

"అమ్మ సర్దుకుపోయే మనిషి. అవునా అమ్మా?" అని బావగారు జవాబు కోసం ఆగకుండా, "వచ్చే ఆదివారం కారు తీసుకొస్తాను," అన్నాడు.

నేను గుమ్మం దగ్గర్నుంచి వచ్చి అత్తయ్య పక్కన కూర్చున్నాను. "వారినే చెప్పనివ్వండి," అన్నాను. శిక్షణలో అనీ అనీ అలవాటైన గొంతుతోనే వచ్చింది ఆ మాట, మర్యాదగా, కొంచెం కూడా వణకకుండా. ఇద్దరూ నా వంక చూశారు. బావగారు నన్ను అంత నేరుగా చూడటం అదే మొదటిసారేమో.

అత్తయ్య చెప్పింది. గది, అద్దె, పనిమనిషి, అన్నీ. వేషమేమీ లేకుండా చెప్పింది.

బావగారు లేచి నిలబడ్డాడు. "ఇద్దరు కొడుకులుండగా అమ్మ అద్దె గదిలో ఒంటరిగా ఉందంటే నలుగురూ ఏమంటారు? మేం తలెత్తుకు తిరగాలా వద్దా?"

"మిమ్మల్నేమీ అనరు నాన్నా, భయపడకు," అంది అత్తయ్య. "నేనే వెళ్ళానని అందరికీ నేనే చెప్తాను."

"ఎవరూ నమ్మరు. ఉద్యోగం రాగానే కోడలు గెంటేసిందంటారు."

మా ఆయన ఇంకా కూర్చునే ఉన్నాడు. మొన్న శుక్రవారం నా ముఖం ఎలా ఉందో ఆయన ముఖం అలా ఉంది. "నేనేం తక్కువ చేశానమ్మా?" అన్నాడు.

అత్తయ్య ఆయన వంక చాలాసేపు ప్రేమగా చూసింది. "నువ్వేం చేస్తావో చెప్పు నాన్నా."

"మందులు తెస్తాను కదా," అన్నాడు, కాసేపు వెతుక్కుని.

"తెస్తావు. ఇకమీదా తేవాలి. కిందికి తేవాలి, అంతే తేడా."

ఆయనకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. వాళ్ళమ్మ పాదాల దగ్గర కింద కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "అన్నయ్య చెప్పింది నిజమే. అందరూ నిన్నే అంటారు. ఇన్నేళ్ళుగా మంచి కోడలన్న పేరుంది నీకు. అది పోతుంది."

నాకు తెలుసు. ఇన్నేళ్ళ చాకిరీకి నా చేతికి వచ్చిన జీతం ఆ పేరొక్కటే. పెళ్ళిళ్ళలో నన్ను చూపించి "ఈ అమ్మాయి అత్తను ఎలా చూసుకుంటుందో తెలుసా" అని చెప్పుకుంటుంటే విననట్టు నటిస్తూ విన్నాను. అలసిపోయిన రోజుల్లో ఆ మాటలు తలుచుకుని మళ్ళీ లేచాను. దాన్ని వదులుకోవడం తేలికని ఎలా చెప్పను? కానీ అత్తయ్య చెయ్యి నా మోకాలి మీద ఉంది. ఆ పేరు నా దగ్గరే ఉండాలంటే ఈవిడ జీవితాంతం నాకు పనిగానే ఉండిపోవాలి.

"పోనివ్వండి," అన్నాను.

బావగారు ఆ పూట భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు గానీ, గదిలోకి చేరే రోజు మాత్రం వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ చేతులు పెనవేసి అత్తయ్యను వాటి మీద కూర్చోబెట్టుకుని మెట్లు దింపారు. చెరొకరి మెడ చుట్టూ చేతులేసి ఆవిడ, "మెల్లగా దింపండ్రా, నేను మిమ్మల్నెప్పుడూ పడెయ్యలేదు," అంటోంది. వీధిలో జనం ఆగి చూశారు. మా పై అంతస్తావిడ రెయిలింగు మీంచి వంగి, "అత్తగారిని కిందికి దించేశావటగా?" అని అడిగింది. "అవునండీ, దించేశాం," అని అత్తయ్య దిండ్లు పట్టుకుని నేనూ దిగాను. పచారీ కొట్టు దగ్గర, కూరగాయల బండి దగ్గర నేను రాగానే మాటలు ఆగిపోతున్నాయి. పొద్దున లేవగానే కాళ్ళు వాటంతట అవే అమ్మాయి గదివైపు వెళ్తాయి. ఖాళీ మంచం చూసి, ఏం చెయ్యాలో తోచక కాసేపు నిలబడతాను.

ఉద్యోగంలో మొదటిరోజు తిరిగి తిరిగి కాళ్ళు వాచాయి. సాయంత్రం ఇంటికి వస్తూ టైలరు గది ముందు ఆగాను. తలుపు మూసి ఉంది. ఎప్పుడూ ఆవిడ గదిలోకి తలుపు తట్టి వెళ్ళినదాన్ని కాదు. ఇవాళ తట్టాను. లోపల చేతికర్ర చప్పుడు దగ్గరకొచ్చింది, చాలాసేపటికి గడియ తీసింది.

"ఎవరూ? ఓహో, నువ్వా! రా, రా. అక్కడ కూర్చో," అంది. కిటికీ దగ్గర ఒకటే కుర్చీ ఉంది. కూర్చున్నాను. టైలరు బట్ట కత్తిరించే పొడవాటి బల్ల అలాగే ఉంది, గోడ పొడవునా. దాని ఆ చివర చిన్న స్టవ్ పెట్టుకుంది. "ఉండు, టీ పెడతాను," అంది.

నేను సగం లేచాను. "కూర్చోమన్నానా?" అంది. కూర్చున్నాను.

బల్ల అంచు పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ ఆ చివరకు వెళ్ళింది. లైటరు రెండుసార్లు జారింది. పాల గిన్నె మూత కింద పడి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరకు వచ్చింది, దాన్ని ఆవిడ చూడలేదు. ఆవిడ చేతులు వణుకుతుంటే నా చేతులు కుర్చీ అంచును పట్టుకున్నాయి. ఆ వేడి నీళ్ళు, ఆ మంట, ఆ వణుకు. నా ఒంట్లో ప్రతి కండరం లేచి నిలబడింది, నేను మాత్రం కూర్చున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ నా కోసమని ఎవరైనా స్టవ్ ముందు నిలబడ్డారా అని ఆలోచిస్తే ఎవరూ గుర్తు రాలేదు. టీ కప్పులో పోసింది, సగం సాసరులోకి పోయింది. ఒక చేత్తో బల్ల పట్టుకోవాలి, కప్పు ఎత్తి తేలేదు. అందుకని దాన్ని బల్ల మీద కొంచెం నెట్టి, ఒక అడుగు వేసి, మళ్ళీ కొంచెం నెట్టి, మళ్ళీ ఒక అడుగు వేసి, అలా బల్ల పొడవునా నెట్టుకుంటూ నా దాకా తీసుకొచ్చింది. ఆయాసపడుతూ నా ముఖంలోకి చూసింది.

"ఎలా ఉంది? చక్కెర సరిపోయిందా?"

ఒక గుక్క తాగాను. సరిపోయిందనే మాట నోటి చివరిదాకా వచ్చింది, ఇన్నేళ్ళ అలవాటు.

"లేదత్తయ్యా. అసలు వెయ్యలేదు," అన్నాను.

"అయ్యో, నా మతి మండా! ఉండు," అని ఆవిడ బల్ల అంచు పట్టుకుని, చక్కెర కోసం మళ్ళీ ఆ చివరకు బయల్దేరింది. నేను లేవలేదు.